వంకాయరంగు గాజుముక్క

శుక్రవారం పొద్దున ఎనిమిది గంటలకు, కర్నూలు మొత్తం మీద తనకంటే గొప్ప కొడుకు లేడని రెహమాన్ తేల్చుకున్నాడు. మిగతా కొడుకులను అడిగి చూడలేదు గానీ, అడిగినా వాళ్లు ఒప్పుకునేవాళ్లేనని అతని నమ్మకం.

ఇంటి ముందు గదిలోనే అతని అద్దాల అంగడి. ఫోటోలకు ఫ్రేములు కడతాడు, అద్దాలు కోస్తాడు, ఖాళీ దొరికితే జనాన్ని ఆటపట్టిస్తాడు. నిజానికి మూడో పనికి ఖాళీ కూడా అక్కరలేదు. పక్కనే టీ అంగడి పెట్టుకున్న ఓబులేష్‌కు ఒక అద్దం అమ్ముతూ, "ఇది బెంగళూరు అద్దం ఓబులేశన్నా, పొద్దున పూట మనిషిని రెండేండ్లు చిన్నగ చూపిస్తాది. సాయంత్రం మాత్రం చూసుకోవద్దు, ఆ రెండేండ్లు తిరిగి తగిలిస్తాది" అని చెప్పాడు. ఆరు నెలల నుంచీ ఓబులేష్ సాయంత్రం కాగానే ఆ అద్దం మీద తువ్వాలు కప్పుతున్నాడు.

కానీ ఈసారి చేసింది ఆటపట్టించే పని కాదు. అమ్మ కోసం చేసిన పని. వాళ్లమ్మ దస్తగిరమ్మ నాలుగు రోజులు డోన్‌లో చెల్లెలింటికి పోయింది. ఆ నాలుగు రోజులూ రెహమాన్ అంగడి సగం మూసి, నాలుగడుగుల పైపులో మూడు పొడుగాటి అద్దాలు దిగేసి, ఒక పెద్ద కలైడోస్కోప్ తయారుచేశాడు. దాన్ని పాత కుట్టు మిషన్ స్టాండు మీద బిగించాడు. కాలితో తొక్కితే గొట్టం చివర ఉన్న డబ్బా తిరుగుతుంది. డబ్బాలో గాజుముక్కలు. అన్నీ అమ్మవే.

దస్తగిరమ్మ ముప్పై ఏళ్లు ఆలూరు చుట్టుపక్కల ఊళ్లలో గాజులు అమ్మింది. గాజుల మలారం భుజాన వేసుకుని ఊరూరా తిరిగి, ఆడవాళ్ల చేతులకు తనే తొడిగేది. మోకాళ్లు మొరాయించాక కొడుకు దగ్గరికి కర్నూలు వచ్చేసింది. వచ్చేటప్పుడు తెచ్చుకున్న ఆస్తి ఒక ఆకుపచ్చ రేకుపెట్టె. అందులో మూడు వందల పైచిలుకు చిన్న చిన్న గుడ్డ పొట్లాలు. ఒక్కో పొట్లంలో ఒక్కో గాజుముక్క. చిన్నప్పటి నుంచీ ఆ పెట్టె చూస్తున్న రెహమాన్‌కు అది అమ్మ పిచ్చి. ఇన్ని రంగులు మంచం కింద చీకట్లో మగ్గడం ఏంటని అతని బాధ.

"అత్తను ఒక మాట అడిగింటే బాగుండు గదా" అంది షిరీన్, స్కూలుకు పోవడానికి జడ వేసుకుంటూ. ఆమె ప్రైవేటు బడిలో టీచరు. మొగుడిని కూడా అప్పుడప్పుడు మూడో తరగతి పిల్లోడిని చూసినట్లే చూస్తుంది.

"అడిగి చేస్తే అది సర్‌ప్రైజ్ ఎట్లయితాది?"

"ఆ గుడ్డపేలికలన్నీ ఏం చేసినావు?"

"అద్దాలు తుడ్చినా. కిరసనాయిల్లో ముంచి తుడ్చేదానికి పాత గుడ్డంత మంచిది ఇంగొకటి లేదు. నిన్న చెత్తబండికి ఇచ్చేసినా."

షిరీన్ చేతిలో జడ ఆగింది. "నాకెందుకో భయమైతాంది."

"నీకు బల్లిని చూసినా భయమే."

వాకిట్లో ఆటో ఆగింది. రెహమాన్ పరుగున పోయి అమ్మ చేతిలో సంచీ లాక్కుని, ఆమె కళ్లు రెండు చేతులతో మూసి, అడుగులో అడుగు వేయిస్తూ గొట్టం ముందు నిలబెట్టాడు.

"కంటిని ఈడ పెట్టు మా. కాలితో తొక్కు."

దస్తగిరమ్మ నవ్వుతూనే కన్ను ఆనించింది. తొక్కింది. లోపల ఒక చిలకపచ్చ ముక్క ఆరు ముక్కలై పువ్వులా విచ్చుకుంది. దాని చుట్టూ ఎరుపు జల్లు కురిసింది. ఎరుపు విరిగి నేరేడుపండు రంగు నక్షత్రమైంది, నక్షత్రం కరిగి పసుపు తోరణమైంది. ఒకసారి చూసింది మళ్లీ రాదు. ఎన్నిసార్లు తొక్కితే అన్ని పండుగలు. రెహమాన్ నాలుగు రోజుల్లో అన్నం కంటే ఎక్కువ దీన్నే చూశాడు. చూసిన ప్రతిసారీ నోరు తెరిచాడు.

అమ్మ కాలు ఆగింది.

"శానా బాగుండాది నాయనా" అంది. కన్ను తీసింది. "ఈ ముక్కలు యాడివి?"

"నీ పెట్టెలోవే మా!"

ఆమె లోపలికి పోయింది. మంచం కింద నుంచి రేకుపెట్టె లాగిన చప్పుడు వినిపించింది. ఖాళీ రేకు చప్పుడు. కాసేపటికి గుమ్మం దగ్గరికి వచ్చింది.

"గుడ్డలు?"

రెహమాన్ కిరసనాయిలు సంగతి కూడా గర్వంగానే చెప్పాడు. ఆమె "ఊఁ" అని, కాళ్లు కడుక్కుని, పోయి పడుకుంది. ప్రయాణం బడలిక అని రెహమాన్ తీర్పు ఇచ్చుకున్నాడు.

మధ్యాహ్నానికి వీధి వీధంతా అంగడి ముందే ఉంది. ఓబులేష్ కన్ను పెట్టి ఎంతకూ తీయలేదు. అవతల పాలు పొంగి, పొయ్యి ఆరి, గిన్నె మాడి, ఆ వాసనకు అతని గిరాకీలు కూడా లేచి వచ్చి వరసలో నిలబడ్డారు. ఒక ఆటో డ్రైవరు ఆస్పత్రికి పోవాల్సిన ముసలాయనను కూడా దింపి చూపించాడు. చూశాక ఆయన ఆస్పత్రి వద్దన్నాడట. ఈ చివరి ముక్క రెహమాన్ కలిపిందే గానీ, అప్పటికే వీధి చివరిదాకా పోయింది.

సాయంత్రం బడి నుంచి వచ్చిన షిరీన్ జనాన్ని తోసుకుని అతని దగ్గరికి వచ్చింది. "అత్త పొద్దుట్నుంచీ అన్నం ముట్టలేదు. రా లోపలికి."

దస్తగిరమ్మ గోడకు ఆనుకుని కూర్చుని ఉంది. కోపంగా లేదు. కోపంగా ఉండి ఉంటే రెహమాన్‌కు పని తేలిక. అమ్మ కోపాన్ని నవ్వులోకి దించడం అతనికి వెన్నతో పెట్టిన విద్య.

"నాకు చదువు రాదని నీకు తెలుసు గదా" అంది ఆమె. "ఆడోళ్లు రవికె రంగుకు గాజులు కావాలని, రవికె కుట్టగా మిగిలిన పేలిక పట్టుకొని వస్తారు. పెళ్లికో, శ్రీమంతానికో గాజులు తొడిగేటప్పుడు ఒకటో రెండో చిట్లుతాయి. ఆ చిట్లిన గాజు అమ్మేదానిదే. ఆ ముక్కను ఆ పేలికలోనే కట్టి పెట్టుకుంటి. గుడ్డ చూస్తే మనిషి తెలుస్తాది నాకు. ఊరూరా తిరిగే దానికి సొంత ఊరు ఉండదు రెహమానూ. ఆ పొట్లాలే నా చుట్టాలు."

రెహమాన్ ఆమె పక్కన చతికిలబడ్డాడు. అయినా అలవాటు పోలేదు. "ఏముందిలే మా, మూడొందల మంది చుట్టాలు ఒకేసారి ఇంటికొచ్చినారు అనుకో."

"వచ్చినారు" అంది ఆమె. "ఎవరెవరో తెలీకుండా వచ్చినారు."

ఆ మాటకు నవ్వడానికి అక్కడ ఎవరూ లేరు. అతను కూడా.

మర్నాడు షిరీన్ బడికి పోయింది. దస్తగిరమ్మ జొన్నల డబ్బా తీసుకుని పిండి మిషన్‌కు పోయింది. రెహమాన్ అంగడి తెరిచాడు గానీ గొట్టం మీద దుప్పటి కప్పాడు. ఏం చేయాలో తెలియలేదు. తెలియని పనిని రేపటికి వాయిదా వేయడంలో అతను జిల్లాలోనే ప్రథముడు.

పదకొండు గంటలకు గురమ్మ వచ్చింది. ఆలూరు దగ్గర పల్లె ఆమెది. ఏటా ఒకసారి కర్నూలు కంటి ఆస్పత్రికి వచ్చి, అటునుంచి అటే ఈ ఇంటికి వస్తుంది. అమ్మ పక్కన కూర్చుని ఒక పొట్లం విప్పి చూసి, కాసేపు కళ్లు తుడుచుకుని పోతుంది. కంటి ఆస్పత్రి నుంచి వస్తుంది కాబట్టి మందు వేస్తే కళ్లు కారుతున్నాయని రెహమాన్ ఇన్నేళ్లూ అనుకున్నాడు. నిజంగానే అనుకున్నాడు. అడగలేదు కూడా.

"అక్క లేదా నాయనా? నాకు బస్సుకు టైమయితాంది. నువ్వే రోంత చూపీ, నా పాపను."

"ఏ పాప పెద్దమ్మా?"

"నా స్వర్ణలతను. మీయమ్మ పెట్టెలో ఉండాది గదా, వంకాయరంగు గుడ్డలో. పెళ్లికి తొడిగేటప్పుడు చిట్లిన గాజు." ఆమె గడప మీదే కూర్చుంది. "ఏడాది తిరక్కముందే కాన్పులో పాయె. ఒంటి మీదుండేవి ఒంటితోనే పాయె. ఇంగ ఆ ముక్కే."

రెహమాన్ గొట్టం మీది దుప్పటి వైపు చూశాడు. చెప్పేయొచ్చు. రెండు మాటలు. 'కలిసిపోయింది పెద్దమ్మా, నేనే కలిపినా.' ఆ రెండు మాటలు నోటిదాకా వచ్చాయి. కానీ నోటికి వేరే పని అలవాటు.

"కూర్చో పెద్దమ్మా, తెస్తా" అన్నాడు.

దుప్పటి కింద చెయ్యి పెట్టి డబ్బా మూత తిప్పాడు. వంకాయరంగు ముక్క ఒకటి ఏరాడు. లోపలికి పోయి, దండెం మీద ఆరుతున్న షిరీన్ చున్నీ చూశాడు. అదీ వంకాయరంగే. అద్దాలు కోసే మనిషికి గుడ్డ కోయడం ఎంతసేపు? అంచు మీద నుంచి బెత్తెడు ముక్క కోశాడు. కొత్తగా కనబడకుండా పెరట్లో మన్ను రాశాడు. ముడి వేశాడు. ఇంత జాగ్రత్తగా ఇంతకు ముందు ఏ పనీ చేయలేదు.

గురమ్మ పొట్లం విప్పింది. ముక్కను అరచేతిలో పెట్టుకుని చూసింది. చాలాసేపు చూసింది. రెహమాన్‌కు ఆ నిశ్శబ్దం భరించలేనట్లయింది. దాన్ని పూడ్చడానికి తనకు వచ్చిన ఒకే ఒక పని చేశాడు.

"అమ్మ దీన్ని రోజూ తీసి చూస్తాది పెద్దమ్మా. అన్నిటి మాదిరి కాదు, ఇది మాత్రం దిండు కింద పెట్టుకొని పండుకుంటాది."

గురమ్మ తలెత్తి అతని వైపు చూసింది. అతని భుజం మీదుగా వాకిలి వైపు చూసింది. అక్కడ పిండిడబ్బా చంకన పెట్టుకుని దస్తగిరమ్మ నిలబడి ఉంది. ఎంతసేపటి నుంచి ఉందో తెలియదు. ఆమె చూపు ఆ మట్టి పూసిన గుడ్డ మీద ఉంది.

గురమ్మ ముక్కను కళ్లకు అద్దుకుంది. మళ్లీ గుడ్డలో పెట్టి ముడి వేసి రెహమాన్ చేతికిచ్చింది. "బద్రంగా పెట్టు నాయనా. వస్తా అక్కా, బస్సు పోతాది" అని లేచింది. దస్తగిరమ్మ చెయ్యి పట్టుకుని ఒకసారి నొక్కి, వీధి మలుపు తిరిగింది.

దస్తగిరమ్మ పిండిడబ్బా కింద పెట్టింది.

"నీ చేతిలోది ఏంది?"

"అది... షిరీన్ చున్నీ."

"ముక్కలు కలిపినందుకు నేను నిన్ను ఒక్క మాట అనలేదు. ఎందుకు? అది తెలీక చేసినావు. ఇది తెలిసి చేసినావు." గొంతు పెంచలేదు ఆమె. "ఊర్లో అందరినీ ఆడిస్తాంటే నా కొడుకు హుషారులే అని నేనూ నవ్వితి. సచ్చిపోయిన పిల్లను గూడ ఆడించినావే రెహమానూ."

"నిజం చెప్తే ఆ యమ్మ ఏడుస్తాది అని..."

"ఏడ్చేదానికే గదరా ఆ యమ్మ అంత దూరం నుంచి వచ్చేది!"

రెహమాన్ చేతిలో పొట్లం అగ్గిలా ఉంది. పారేయలేడు, పట్టుకోలేడు. అమ్మ ముఖం వైపు చూడబోయి, ఆమె కాళ్ల మీది పిండి వైపు చూశాడు. తర్వాత బండి తీశాడు.

కొత్త బస్టాండులో ఆలూరు బస్సు కదలడానికి సిద్ధంగా ఉంది. గురమ్మ మూడో వరసలో కిటికీ పక్కన కూర్చుని ఉంది. రెహమాన్ ఎక్కి ఆమె ముందు నిలబడ్డాడు. జనం ముందు మాట్లాడడమంటే అతనికి ఎప్పుడూ ఇష్టమే. ఈరోజు మాత్రం బస్సులో ఉన్న యాభై మందీ తనవైపే చూస్తున్నట్లనిపించింది. నిజంగానే చూస్తున్నారు.

"పెద్దమ్మా, నేనిచ్చింది నీ పాపది కాదు. ముక్కలన్నీ నేనే కలిపేసినా. గుడ్డలు పారేసినా. ఆ గుడ్డ నా పెండ్లాం చున్నీది. మన్ను గూడ నేనే పూసినా."

"ఏమప్పా, దిగుతావా, టికెట్ తీస్తావా?" వెనక నుంచి కండక్టరు.

"తెలుసు నాయనా" అంది గురమ్మ.

"ఏం తెలుసు?"

"నా పాప గాజు మీద బంగారు చుక్క ఉండాది. నువ్విచ్చిన దాని మీద లేదు. గుడ్డ సబ్బు వాసన వస్తాంది."

"మరి అప్పుడే ఎందుకు చెప్పలేదు?"

"ఎట్ల చెప్పేది? మీయమ్మ వాకిట్లో నిలబడి చూస్తాంది. ఇన్నేండ్లు నా బిడ్డను కాపాడిన మనిషి. ఆమె కొడుకును ఆమె ముందరే దొంగను చెయ్యాల్నా?"

రెహమాన్ బస్సు సీటు కడ్డీ పట్టుకుని నిలబడ్డాడు. ఆమెను మోసం చేశానని అతను కుమిలిపోతుంటే, మోసపోయినట్లు నటించి అతని పరువు నిలబెట్టింది ఆమె. కళ్ల వెంట నీళ్లు కారుతుంటే తుడుచుకోవాలని కూడా తోచలేదు. యాభై మందీ చూస్తున్నారు. చూడనీ.

"తిట్టు పెద్దమ్మా. ఒక్క మాటైనా తిట్టు."

"తిడితే నా పాప దొరుకుతాదా?" ఆమె సంచీ భుజానికి తగిలించుకుంది. "నడువు. కలిసిపోయిందంటివి గదా. కలిసింది ఏరుకుంటే రాదా? ఓ కండక్టరయ్యా, ఆపు, దిగాల."

ఇంటికి రాగానే రెహమాన్ గొట్టం మీద దుప్పటి తీసి, స్క్రూలు విప్పడం మొదలుపెట్టాడు. ఓబులేష్ పరుగెత్తుకుని వచ్చాడు. "ఏమప్పా, విప్పుతాండావు? నా బామ్మర్ది డోన్ నుంచి దీన్ని చూసేదానికే వస్తాండాడు!"

"ఇది నాది కాదు ఓబులేశన్నా" అన్నాడు రెహమాన్. ఇందులో కూడా ఏదో తమాషా ఉంటుందని ఓబులేష్ కాసేపు ఎదురుచూశాడు. లేదని తెలిశాక నెమ్మదిగా వెనక్కి పోయాడు.

తెల్లదుప్పటి పరిచి ముక్కలన్నీ పోశారు. దస్తగిరమ్మ, గురమ్మ ఎదురెదురుగా కూర్చున్నారు. మధ్యాహ్నం బడి వదిలి వచ్చిన షిరీన్ దండెం మీద చున్నీ చూసింది, మొగుడి ముఖం చూసింది, ఏమీ అడగకుండా వచ్చి రంగుల వారీగా ఏరడం మొదలుపెట్టింది. రెహమాన్ కొంచెం ఎడంగా కూర్చున్నాడు. దగ్గరికి జరగడానికి ధైర్యం చాలలేదు.

రెండు గంటలకు వంకాయరంగువి పద్దెనిమిది తేలాయి. వాటిలో బంగారు చుక్క ఉన్నవి నాలుగు. దస్తగిరమ్మ ఒక్కోదాన్ని వెలుగుకు పట్టింది, వేళ్ల మధ్య తిప్పింది, చెంపకు ఆనించుకుంది.

"నాకు తెలీడంలేదు గురమ్మా. నాలుగూ ఒకే మలారంలోవి. నీ బిడ్డ ఏదో నాకు తెలీడంలేదు."

రెహమాన్ తల మోకాళ్ల మధ్యకు దిగిపోయింది.

గురమ్మ నాలుగు ముక్కలూ తన అరచేతిలోకి తీసుకుంది. "ఉండనీలే. నాలుగు చూసుకుంటా. నా పాప వీటిల్లో ఉండాది గదా. కడమ ముగ్గురికి ఏడ్చేవాళ్లు ఉండారో లేరో, వాళ్లకూ రోంత ఏడిస్తే పోలా."

"వద్దు వద్దు" అంది దస్తగిరమ్మ కంగారుగా. "దాంట్లో ఒకామె చిప్పగిరి తట్టు ఆమె. నలుగురు పిల్లోళ్ల తల్లి. గుండ్రాయి మాదిరి ఉండాది, దానికి నువ్వు ఏడ్వొద్దు!"

"అట్లయితే దానికి నవ్వుతాలే" అంది గురమ్మ. అని నిజంగానే నవ్వింది. నవ్వుతూనే ఏడ్చింది. దస్తగిరమ్మ ఆమె చెయ్యి తన ఒళ్లో పెట్టుకుంది. చాలాసేపటికి గాని వాళ్లిద్దరూ సర్దుకోలేదు.

షిరీన్ లేచి పొయ్యి వెలిగించింది. గురమ్మ ఆ రోజుకు ఉండిపోయింది. దస్తగిరమ్మ మిగతా ముక్కలను వేలితో కదుపుతూ కూర్చుంది. ఒకటి ఆగి చూస్తుంది, పెదవి విరిచి పక్కన పెడుతుంది. ఇంకొకటి చూసి తనలో తనే చిన్నగా నవ్వుకుంటుంది. బస్టాండు నుంచి వచ్చినప్పటి నుంచీ కొడుకుతో మాట్లాడలేదు. అతని వైపు చూడలేదు.

రెహమాన్ అంగడిలోకి పోయి, ఫ్రేముల వెనక అంటించే తెల్లకాగితం చిన్న చిన్న చీటీలుగా కోసి, పెన్ను పట్టుకుని వచ్చాడు. దుప్పటి అంచున కూర్చున్నాడు. అమ్మ చేతిలో పొగడపండు రంగు ముక్క ఒకటి ఉంది. దాన్ని చూసి ఆమె ఇందాక నవ్వుకుంది.

అడగడానికి నోరు తెరిచాడు. ఎప్పుడూ ఇంత బరువుగా తెరుచుకోలేదు ఆ నోరు. ఈ పెట్టె పక్కనే పెరిగాడు తను. అమ్మ ఎవరిని దాచుకుందో ఒక్కసారి కూడా అడగలేదు.

"ఆ యమ్మ పేరేంది మా?"

దస్తగిరమ్మ తలెత్తలేదు. రెహమాన్ వేచి ఉన్నాడు. పొయ్యి మీద జొన్న రొట్టె వాసన వచ్చింది, గురమ్మ ముక్కు చీదిన చప్పుడు వచ్చింది. జవాబు రాదేమో అనుకున్నాడు. రాకపోయినా కూర్చునే ఉండాలనుకున్నాడు.

"నాగక్క" అంది అమ్మ చివరికి. "రాసుకో. ఈ రంగు అడిగింది ఆ యమ్మ ఒక్కతే. చెయ్యి మొద్దు మాదిరి ఉండాది. ఆ యమ్మ నవ్విందంటే పక్కూరికి వినపడేది."

రెహమాన్ రాశాడు. అక్షరాలు అలుక్కుపోయి కనిపించాయి. చొక్కా చేతితో కళ్లు ఒత్తుకుని, ఇంకో చీటీ తీసి, అమ్మ వేలు తర్వాతి ముక్క మీదికి పోయేదాకా కనిపెట్టుకుని కూర్చున్నాడు.